మన దగ్గర నిజంగా ఎంతుందో నెలకోసారి లెక్క

జీతం పడుతుంది, ఖర్చవుతుంది, కానీ బెంగళూరు వచ్చి మూడేళ్లలో ఎంత మిగిలిందంటే చెప్పలేకపోయేవాణ్ణి, డబ్బంతా నాలుగైదు యాప్‌లలో చెదిరిపోయి ఉండేది. ఇప్పుడు పావుగంటలో తేలిపోతోంది.

నెలకు ఒకే రోజు పెట్టుకోండి. నాది 5వ తేదీ, అప్పటికి అద్దె, ఈఎంఐ పోయి ఉంటాయి. షీట్‌లో రెండు వరుసలు చాలు: ఉన్నది, ఇవ్వాల్సింది. షేర్లు, ఫండ్ల కోసం యాప్‌లన్నీ తెరవక్కర్లేదు, డీమ్యాట్ (షేర్లు ఉండే ఖాతా) ఉంటే, ఆ ఖాతాల రికార్డు ఉంచే సంస్థలు ఎన్ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్ఎల్ నుంచి మెయిల్‌కి వచ్చే కన్సాలిడేటెడ్ స్టేట్‌మెంట్‌లో అన్నీ ఒకేచోట ఉంటాయి, పాస్‌వర్డ్ మన పాన్ నంబరే. పీఎఫ్ ఉమంగ్ యాప్‌లో చూసుకుని మన వాటా, కంపెనీ వాటా కలపండి, పెన్షన్ కాలమ్ మాత్రం వదిలేయండి.

ఇంటి అడ్వాన్స్ కూడా మన డబ్బే, చాలామంది మర్చిపోతారు! కానీ ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకోవడం ఇక్కడ మామూలే కాబట్టి, 1,50,000 ఇచ్చి అద్దె 25,000 అయితే 1,25,000 అనే రాసుకోండి.

రెండో వరుసలో ఎడ్యుకేషన్ లోన్‌లో మిగిలిన అసలు, ఇంకా బిల్లు రానివాటితో సహా కార్డు బాకీ. మొదటి వరుసలోంచి ఇది తీసేస్తే వచ్చేదే నెట్‌వర్త్, అంటే మన దగ్గర నిజంగా ఉన్నది.

చిట్టీ దగ్గర మాత్రం లెక్క తప్పుతుంది, జాగ్రత్త. 20 నెలల చిట్టీ 8వ నెలలో పాడుకుంటే చేతికొచ్చిన డబ్బు ఒక్కటే రాసుకోకండి, మిగతా 12 వాయిదాలూ అప్పు కిందే వేయాలి.