వాలిన మొలకకు నీళ్లు పోయకండి: వానల్లో పూల విత్తనాలు వేసేవాళ్లకు

పోయిన ఆదివారం పొద్దున్నే మూడో అంతస్తు ఆంటీ ఫోన్ చేశారు. "ఒకసారి టెర్రస్ మీదికి రామ్మా, నా పిల్లలన్నీ పడిపోయాయి" అన్నారు. వెళ్లి చూస్తే రెండు ట్రేల జెర్బెరా నారు ఎవరో అరచేత్తో అణిచినట్టు నేలకంటుకుని ఉంది. రాత్రి పడుకునేముందు చూసినప్పుడు నిటారుగానే ఉన్నాయట. ఆవిడ చేతిలో మగ్గు. అప్పటికే రెండుసార్లు నీళ్లు పోశారు. "దాహమేసిందేమో అనుకున్నాను" అన్నారు పాపం.

ఒక మొలకని గోటితో లేపి చూపించాను. ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. మట్టిని ఆనుకున్న చోట మాత్రం కాడ నీరుకారి, గోధుమరంగుకు తిరిగి, కుట్టుదారమంత సన్నబడింది. నారుకుళ్లు అంటారు దీన్ని. మట్టిలో ఉండే పిథియం, రైజోక్టోనియా లాంటి బూజుజాతి సూక్ష్మజీవుల పని. వాటికి కావలసింది తడి, గాలాడని చోటు. మనం మగ్గుతో పోసేది వాటికే.

అందుకే మొదటి మాట, చివరి మాట ఇదే: వాలిన మొలకకు నీళ్లు పోయకండి. ముందు ట్రే ఎత్తి చూడండి. తేలిగ్గా ఉండి, ఆకులు మెత్తబడి వేలాడుతుంటే అది దాహం, అప్పుడైతేనే నీళ్లు. బరువుగా ఉండి, మొలక మొదలు దగ్గర విరిగినట్టు పడిపోతే అది కుళ్లు. పడినవి ఇక లేవవు. వాటిని చుట్టూ ఉన్న చెంచాడు మట్టితో సహా తీసి పారేయండి. మిగిలినవాటి మొదళ్లు తడిసేలా లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే బూజుమందు కలిపి ఒక్కసారి పోయండి. ఆ తర్వాత పైమట్టి ఆరేదాకా ఒక్క చుక్క కూడా వద్దు.

బెంగళూరులో ఈ గొడవ ఇప్పుడే ఎందుకంటే, ఆగస్టు 15కి లాల్‌బాగ్ పూల ప్రదర్శన చూసొచ్చి, ఆ ఊపులో ప్యాకెట్లు కొనేసి విత్తేస్తాం. వెనకాలే సెప్టెంబరు, అక్టోబరు వానలు. బంతి అయితే పోయినా మళ్లీ వేసుకోవచ్చు. ఏళ్లపాటు ఉండే పూలమొక్కలు అలా కాదు. జెర్బెరా, గైలార్డియా, షాస్టా డైసీ పూతకి రావడానికి నెలలు పడుతుంది, కొన్నయితే మొదటి ఏడు పూయనే పూయవు. నారు దశలోనే పోతే ఆ ఏడాది పోయినట్టే. నేనూ మొదటిసారి ఒక ప్యాకెట్ బిళ్లగన్నేరు మొత్తం ఇలాగే ముంచేశాను. బయట గోడ పగుళ్లలో కూడా బతికే మొక్క, నా ట్రేలో బతకలేదు.

విత్తేటప్పుడు చూసుకోవలసినవి ఎక్కువేం లేవు. కుండీలో పాత మట్టి వాడొద్దు, రోగం అందులోనే ఉంటుంది. కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి) అయితే రెండు మూడు నీళ్లు మార్చి కడగండి, ఉప్పు పోవాలి. జెర్బెరాకి వెలుతురు తగలాలి, కాబట్టి మట్టి దట్టంగా కప్పొద్దు. బిళ్లగన్నేరుకి చీకటి కావాలి, కప్పాలి. శంఖుపువ్వు గింజ పెంకు గట్టిది, రాత్రంతా నానబెట్టండి. లావెండర్ అయితే తడి టిష్యూలో చుట్టి, డబ్బాలో పెట్టి మూడు నాలుగు వారాలు ఫ్రిజ్‌లో ఉంచాలి. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి, లేకపోతే పారేస్తారు.

ఇక మొలకలు వచ్చాక:

ట్రే మీద ప్లాస్టిక్ కవర్ మొలక కనబడిన రోజే తీసేయాలి. "ఇంకో రెండు రోజులు" అనొద్దు.

నీళ్లు కింది నుంచే. పళ్లెంలో పోసి ట్రేని పది, పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి, తీసి మిగిలిన నీళ్లు కారిపోనివ్వండి.

సాయంత్రం పోయొద్దు. రాత్రంతా తడి నిలుస్తుంది.

ముసురు పట్టిన రోజు అసలు పోయొద్దు.

ట్రేని వాన పడే చోట పెట్టొద్దు. రేకు కింద పెట్టండి, కానీ వెలుతురు తగలాలి.

గుప్పెడు గింజలు ఒకేచోట చల్లొద్దు. ఒత్తుగా మొలిస్తే ఒకదానికి వచ్చింది త్వరగా పక్కదానికి పాకుతుంది. మనసు రాకపోయినా పలచన చేయండి.

పాత ట్రేలు సబ్బుతో కడిగి ఎండలో పెట్టాకే వాడండి.

నారుకి ఎరువు వేయొద్దు. మొదట విచ్చుకునే గింజ ఆకులు కాక, నాలుగు నిజమైన ఆకులు రానివ్వండి.

గింజలకి గులాబీ రంగు పూసి ఉంటే అది మందు. పిల్లల చేతికివ్వొద్దు. విత్తాక చేతులు కడగండి.

వాలిందని నీళ్లు పోయొద్దు. మళ్లీ చెప్తున్నాను, పోయొద్దు.

మగ్గు టెర్రస్ మీద ఉంచొద్దు. ఆంటీ మగ్గు ఇప్పుడు మా వంటింట్లో ఉంది, నారు నాటే రోజున తిరిగిస్తాను.