ఆప్తుల మరణదుఃఖంలో విశ్వాసాన్ని ఆశ్రయించడం ఎలా?

ఆత్మీయులు మరణించిన తొలి రోజుల్లో విశ్వాసిని వేధించేది దుఃఖం ఒక్కటే కాదు. దుఃఖపడుతున్నందుకు కలిగే అపరాధభావం కూడా వేధిస్తుంది. పునరుత్థానాన్ని నమ్మినవాళ్లం ఇంతగా ఏడవవచ్చా అని మనసు నిలదీస్తుంది. పరామర్శకు వచ్చినవారు ‘ప్రభువు చిత్తం, ధైర్యంగా ఉండండి’ అన్నప్పుడల్లా ఆ ప్రశ్న మరింత పదునెక్కుతుంది. అందువల్ల ముందుగా యోహాను సువార్త 11వ అధ్యాయాన్ని తొందరపడకుండా చదవండి. చనిపోయిన తన స్నేహితుడు లాజరును లేపడానికే వెళ్తున్నానని యేసు బయలుదేరకముందే శిష్యులతో చెప్పాడు. అయినా లాజరు సోదరి మరియ ఏడుపునూ ఆమెతో వచ్చినవారి ఏడుపునూ చూసి ఆయన కలవరపడ్డాడు, కన్నీళ్లు విడిచాడు. కొద్దిసేపట్లో ఆ సమాధిలోనుంచి మనిషి నడిచి వస్తాడని తెలిసినవాడే ఏడ్చాడంటే, మళ్లీ ఎప్పుడు కలుస్తామో తెలియని మనం ఏడవడం అవిశ్వాసం కానే కాదు. పౌలు థెస్సలొనీకయులకు రాసిన మాటను కూడా జాగ్రత్తగా చదువుకోవాలి: నిరీక్షణ లేనివారివలె దుఃఖపడవద్దన్నాడే గాని, అసలు దుఃఖమే వద్దనలేదు.

అదే అధ్యాయంలో ఇంకొక సంగతి ఉంది. లాజరు మరో సోదరి మార్త యేసుకు ఎదురు వెళ్లింది, మరియ ఇంట్లోనే కూర్చుండిపోయింది. కాని ఇద్దరూ పలికిన మాట ఒక్కటే, ‘నీవు ఇక్కడ ఉండి ఉంటే నా సహోదరుడు చనిపోయేవాడు కాదు’ అని. యేసు మార్తతో మాట్లాడాడు, మరియతో కలిసి ఏడ్చాడు. ఒకే ఇంట్లో ఒకే మనిషిని కోల్పోయినవారు ఒకే విధంగా దుఃఖించరు కాబట్టి, ఏడవని తమ్ముడికి ప్రేమ తక్కువని గాని, ఏడుపు ఆపుకోలేని అక్కకు విశ్వాసం తక్కువని గాని తీర్పు తీర్చకండి.

తరువాతిది ప్రార్థన. చాలామందికి ఇక్కడే అడుగు ముందుకు పడదు, ఎందుకంటే ప్రార్థన అంటే స్తుతితోనే మొదలవ్వాలని మనకు అలవాటైపోయింది. 13వ కీర్తన అలా మొదలవదు. ఆరు వచనాలే ఉన్న ఆ కీర్తనలో మొదటి రెండు వచనాలు ‘ఎన్నాళ్లు’ అన్న ఫిర్యాదు. నడుమ రెండు వచనాలు ఇటు చూడమని, ఉత్తరమిమ్మని అడిగే మనవి. చివరి రెండు వచనాలు నమ్మిక. ఈ క్రమాన్నే మీ ప్రార్థనకు పెట్టుకోండి. ఒక కాగితం మీద మొదట మీ ఫిర్యాదును ఉన్నదున్నట్టు రాయండి: ‘ప్రభువా, ఎంత వేడుకున్నాను, ఎందుకు వినలేదు?’ తరువాత ఈ ఒక్క రోజుకు కావలసినది అడగండి: రాత్రి కాస్త నిద్ర పట్టడమో, ఆ గది తలుపు తీయగల ధైర్యమో. నమ్మికను పలికే వాక్యం ఆ రోజు రాకపోతే ఆ చోటు ఖాళీగా వదిలేయండి. రాని మాటను బలవంతంగా రాయడంకంటే ఖాళీగా వదలడమే నిజాయితీ అని నా అభిప్రాయం. 88వ కీర్తన చివరిదాకా వెలుగు కనిపించకుండానే చీకటిలో ముగుస్తుంది, అయినా అది లేఖనాల్లో ప్రార్థనగానే నిలిచింది. మాటలే రాని రోజున ఉచ్చరింపశక్యముగాని మూలుగులతో దేవుని ఆత్మ మన పక్షాన విజ్ఞాపనం చేస్తుందని రోమా 8:26 చెబుతుంది. ఆ రోజుకు ఊరకే కూర్చోవడమే ప్రార్థన.

వాక్యపఠనాన్ని కూడా కొద్దిగానే పెట్టుకోవాలి. మా నాన్నగారు ప్రభువునందు నిద్రించిన తరువాత చాలా వారాలపాటు నేను బైబిలు తెరవలేకపోయాను. చివరికి తెరిచింది నాది కాదు, ఆయన బైబిలు. వీపు చిరిగి, దారంతో కుట్టిన పుస్తకం అది. 34వ కీర్తనలో, విరిగిన హృదయం గలవారికి యెహోవా సమీపంగా ఉన్నాడన్న వచనం పక్కన, అంచులో పెన్సిలుతో ఒక తేదీ రాసి ఉంది. అది మా నానమ్మ చనిపోయిన రోజు. ఆ దుఃఖం గురించి ఆయన మాతో ఎన్నడూ మాట్లాడలేదు. ఆ రోజు నేను చదివింది ఆ ఒక్క వచనమే, అదే చాలింది. మీ ఇంట్లోనూ అలాంటి బైబిలు ఉంటే దాన్ని బీరువాలో భద్రపరచకండి. దానిలోనే రోజుకు ఒక వచనం చదవండి.

శరీరాన్ని నిర్లక్ష్యం చేయడం ఆత్మీయత కాదు. 1 రాజులు 19వ అధ్యాయంలో ఏలీయా ప్రవక్త ఇక చాలు, నా ప్రాణం తీసుకోమని దేవుణ్ణి అడిగాడు. దేవదూత అతనికి ఉపదేశం చేయలేదు, తట్టి లేపి తినమన్నాడు. అతను తిని, తాగి, మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి వచ్చి, ప్రయాణం నీ శక్తికి మించినది కాబట్టి లేచి తినమన్నాడు. మీకు కూడా బ్రతకాలని లేదన్న ఆలోచన వస్తున్నా, వారాలు గడిచినా నిద్రాహారాలు కుదుటపడకపోయినా, ఆ సంగతిని వెంటనే ఇంట్లోవారికి చెప్పి వైద్యుని దగ్గరకు వెళ్లండి. వైద్యుని సహాయం తీసుకోవడం ప్రార్థనను విడిచిపెట్టడం కాదు.

సంఘానికి ఎప్పుడు తిరిగి వెళ్లాలన్నదానికి గడువు లేదు. వెళ్లిన మొదటి ఆదివారం తలుపు దగ్గర కూర్చోండి, పాట మధ్యలో గొంతు పూడుకుపోతే ఆపేయండి; ఆ చరణం మీ పక్కనున్నవారు మీ కోసం పాడతారు, సంఘం ఉన్నది అందుకే. పరామర్శకు వెళ్లేవారికి ఒక మాట: బిడ్డలను పోగొట్టుకున్న యోబు దగ్గరకు వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు ఏడు రాత్రులు అతనితోపాటు నేలమీద మౌనంగా కూర్చున్నారు. వారు చేసిన మంచిపని అదొక్కటే. నోరు తెరిచి కారణాలు వివరించడం మొదలుపెట్టాకే గాయపరచారు.

నిరీక్షణను గురించి మనం వాడే మాటల్లోనే చాలా ఉంది. ‘నిద్రించారు’ అనే మాట కొత్త నిబంధన నుంచి వచ్చింది. తొలి క్రైస్తవులు సమాధుల స్థలానికి గ్రీకులో వాడిన పేరుకు కూడా ‘నిద్రించే చోటు’ అనే అర్థం. నిద్రించినవారిలో క్రీస్తు ప్రథమఫలమని 1 కొరింథీయులకు 15వ అధ్యాయం చెబుతుంది. మొదటి పండు చేతికి వచ్చిందంటే మిగిలిన పంట వెనుక వస్తున్నట్టే. మనం ఎదురుచూసేది నీడవంటి జ్ఞాపకాన్ని కాదు, లేపబడిన శరీరంతో మన ఎదుట నిలబడే మనిషిని. పోయినవారి విశ్వాసం ఎటువంటిదో తెలియక నలిగిపోయేవారూ ఉంటారు. ఈ భారం అన్నిటికంటే కఠినమైనది, దీనికి తేలిక సమాధానం చెప్పేవారిని నమ్మవద్దు. సర్వలోకానికి తీర్పు తీర్చేవాడు న్యాయం చేయడా అని అబ్రాహాము అడిగిన ప్రశ్న దగ్గర ఆగి, ఆ మనిషిని మీకంటే ఎక్కువగా ఎరిగిన దేవుని చేతుల్లో పెట్టండి.

సంవత్సరీకం దగ్గరపడుతుంటే దాని బరువు కొన్ని రోజుల ముందునుంచే తెలుస్తుంది. ఆ రోజు ఏం చేయాలో ముందే అనుకోండి. మృతుల కోసం ప్రార్థించే విషయంలో సంఘాల మధ్య భేదం ఉంది. కథోలికులు నవంబరు 2న మృతులందరి కోసం ప్రార్థిస్తారు, ప్రొటెస్టెంటు సంఘాలు చాలావరకు అలా చేయవు. కాని వారి బ్రతుకు కోసం దేవునికి కృతజ్ఞత చెల్లించడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. ఇంటివారంతా కూర్చుని, పోయినవారి గురించి ఒక్కొక్కరు ఒక్కొక్క సంగతి చెప్పండి, వారి పేరును బిగ్గరగా పలకండి, వారికి ఇష్టమైన కీర్తన చదవండి. చదివాక, ఆ వచనం పక్కన, అంచులో, పెన్సిలుతో తేదీ రాయండి.