ప్రోగ్ రాక్‌కి తాళం వేయడం ఎలా?

ప్రోగ్రెసివ్ రాక్ కొత్తగా వినేవాళ్ల ఫిర్యాదు ఒకటే: తల ఊపుదామంటే లయ కుదరదు. మనం నాలుగు లెక్కపెడుతుంటాం, వాళ్లు ఐదో ఏడో వాయిస్తుంటారు, ఇక కుదిరేదెలా? చెన్నైలో ఉన్నవాళ్లకి మందు దగ్గర్లోనే ఉంది. డిసెంబర్‌లో మైలాపూర్ కర్ణాటక సంగీత సభల్లో ముందు వరుస పెద్దాయనలు తొడ మీద వేసే తాళాలు చాలు.

ముందు ఏడు. పింక్ ఫ్లాయిడ్ 1973 పాట 'మనీ' పెట్టి, బేస్ గిటార్ మోతనే చెవితో పట్టుకుని 'తకిట తకధిమి' అనండి: అక్షరానికో లెక్క, మూడూ నాలుగూ ఏడు. గిటార్ సోలో రాగానే లెక్క చెడుతుంది. తప్పు మీది కాదు, పాటే అక్కడ నాలుగులోకి మారుతుంది.

ఇప్పుడు అసలు ఆల్బమ్: టూల్ బ్యాండ్ 2001లో తెచ్చిన 'లాటరాలస్'. దాదాపు 79 నిమిషాలు, ఒక్క విడతలో వినక్కర్లేదు. షఫుల్ ఆపి, క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరని తర్వాతి పాట మొదలుతో కలిపేసే సెట్టింగ్) సున్నాకి పెట్టండి. 'పారబోల్' ఆగకుండా 'పారబోలా'లోకి దూకుతుంది, క్రాస్‌ఫేడ్ ఉంటే ఆ అతుకు కాస్తా పాడవుతుంది. చెవిలో బిగుతుగా కూర్చోని ఇయర్‌బడ్స్‌లో బేస్ పలచబడుతుంది. లెక్క మోసేది బేసే కాబట్టి సిటీ బస్సు రొదలో ఈ సాధన వద్దు.

ఇదే ఆల్బమ్‌లోని 'స్కిజమ్' ముఖ్య రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న వాద్య వరుస) ఐదూ ఏడూ: 'తకతకిట, తకిట తకధిమి'. మధ్యలో లెక్క చాలాసార్లు మారుతుంది. దారి తప్పితే వెంటపడకండి, ఆ రిఫ్ మళ్లీ వచ్చేదాకా ఊరుకోండి.

ఆల్బమ్ పేరున్న పాట పల్లవిలో ఉంది అసలు మజా. తొమ్మిది, ఎనిమిది, ఏడు: మన గోపుచ్ఛ యతిలా తగ్గుతూ పోతుంది. మొత్తం 24, అంటే ఎనిమిది లెక్కల ఆది తాళం సరిగ్గా మూడు ఆవర్తనాలు (చుట్లు). ఒక్కో చుట్టు ఇలా: దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు, ఆపైన దెబ్బ, చెయ్యి తిప్పడం, మళ్లీ దెబ్బ, తిప్పడం. పాట ఆపేసి, చేత్తో ఆది తాళం వేస్తూ, లెక్కకో అక్షరం చొప్పున నోటితో నెమ్మదిగా అనండి:

తకధిమి తకతకిట
తకధిమి తకజొణు
తకిట తకధిమి

లోపలి విరుపులు పాటలో వేరుగా వినిపించినా మొత్తం మారదు. సరిచూసుకోవడానికి వేళ్లే గుర్తు. ఎనిమిదీ, ఏడూ రెండూ చిటికెన వేలి మీదే మొదలవ్వాలి. ఎనిమిది ఉంగరం వేలి మీద మొదలైతే తొమ్మిదిలో ఒకటి ఎక్కువన్నారు. దెబ్బ మీదే పడితే ఒకటి మింగేశారు. ఆ మింగుడు ఎక్కువగా మొదటి వరుస చివరి 'తకిట'లోనే జరుగుతుంది.