క్రామండ్ సర్ జాన్ ఇంగ్లిస్ కుటుంబాన్ని వెతకడం ఎలా

నేను ఫిజిక్స్ పాఠాలు చెబుతాను. విద్యుదయస్కాంత సమీకరణాల శాస్త్రవేత్త మ్యాక్స్‌వెల్ పూర్వీకుల కోసం వెతుకుతుంటే ఎడిన్‌బరో పక్కనున్న క్రామండ్ రెండో బారోనెట్ (తండ్రి నుంచి వారసుడికి వచ్చే బిరుదు) సర్ జాన్ ఇంగ్లిస్ దొరికాడు. స్కాట్లాండ్ తపాలా పెద్ద ఆయన.

ముందు ఎన్నో బారోనెట్టో రాసుకోండి. నాలుగో బారోనెట్ పేరూ జానే! ఒక సాయంత్రమంతా ఆ జాన్ వెంటపడ్డాను.

1711 చట్టంతో స్కాట్లాండ్ తపాలా లండన్ చేతికి వెళ్లింది. అందుకే మన రెండో బారోనెట్‌ను 'పోస్ట్‌మాస్టర్ జనరల్', 'డిప్యూటీ పోస్ట్‌మాస్టర్ జనరల్' అని రెండు రకాలుగానూ వెతకండి. తేదీలు మాత్రం జాగ్రత్త. స్కాట్లాండ్‌లో 1600 నుంచే జనవరి 1న కొత్త ఏడాది. ఇంగ్లండ్‌లో 1751 దాకా మార్చి 25న. లండన్ కాగితంలో 1719 ఫిబ్రవరి అని ఉంటే, ఎడిన్‌బరో లెక్కన అది 1720.

ఆడపడుచుల్ని అస్సలు వదలకండి. అక్కడి రికార్డుల్లో పెళ్లయ్యాకా పుట్టింటి పేరే రాసేవారు, కాబట్టి పట్టుకోవడం తేలిక. జాన్ తోబుట్టువు జానెట్ ఇంగ్లిస్ 1709లో పెనిక్యుక్ ఊరి సర్ జాన్ క్లర్క్‌ను పెళ్లాడింది. వాళ్ల కొడుకు జార్జ్. జార్జ్ మునిమనవడే జేమ్స్ క్లర్క్ మ్యాక్స్‌వెల్. ఆ పేరు చేరిన రోజు నోట్‌బుక్ మూయబుద్ధి కాలేదు.