పాస్‌పోర్ట్ అడుగున ఉన్న ఆ రెండు వరుసలు ఒకసారి చదువుకోండి

మొన్న ఒకబ్బాయి బ్యాంకు కౌంటర్ దగ్గర "నా పేరు పాస్‌పోర్ట్‌లో సరిగ్గానే ఉంది కదండీ" అని అరగంట వాదించాడు. ఉంది నాయనా, ఫోటో పక్కన ఉంది. మెషీన్ చూసేది అక్కడ కాదు.

కొత్తగా వేరే దేశం వెళ్లినవాళ్లకి ఇల్లు, సిమ్ లాంటివి ఎవరైనా చెప్తారు, నేను ఈ ఒక్కటే చెప్తాను. ఫోటో పేజీ అడుగున < గుర్తులతో నిండిన రెండు వరుసలుంటాయి, ఒక్కో దాంట్లో 44 స్థానాలు. స్కానర్ చదివేది వాటినే. అక్కడ ఇంగ్లీషు పెద్దక్షరాలు, అంకెలు, ఆ < తప్ప ఇంకేదీ చెల్లదు. పేరులో చుక్క ఉంటే ఎగిరిపోతుంది, హైఫన్ ఉంటే < అయిపోతుంది. పక్కపక్కన రెండు < కనబడితేనే సర్‌నేమ్ అయిపోయిందని దానికి తెలుస్తుంది. పేరు మొత్తానికి 39 స్థానాలే, అంతకంటే పొడుగైతే కత్తిరింపే.

రెండో వరుసలో పాస్‌పోర్ట్ నంబరు, పుట్టిన తేదీ, గడువు తేదీ ఉంటాయి, ఒక్కోదాని వెనక ఒక చెక్ డిజిట్. అంటే ఒక్కో స్థానంలోని విలువని వరుసగా 7, 3, 1తో హెచ్చవేసి, అన్నీ కూడి, 10తో భాగిస్తే మిగిలే అంకె. ఇంగ్లీషు O అక్షరాన్ని సున్నాగా చదివితే లెక్క తప్పి మెషీన్ వెంటనే ఎర్రర్ ఇస్తుంది. పేరుకి మాత్రం అలాంటి కాపలా ఏదీ లేదు! ముందుది వెనక్కి, వెనకది ముందుకి టైపు చేసినా సిస్టమ్ నోరు మెదపదు. నా మొదటి నెలలన్నీ ఇందులోనే పోయాయి, బ్యాంకులో ఒక పేరు, జీతం కాగితాల్లో ఇంకో పేరు, ఎవరినడిగినా "మా దగ్గర ఇలాగే ఉంది" అనే జవాబే. అందుకే మొదటి ఫారం నింపేటప్పుడే పేరున్న ఆ మొదటి వరుస ముందు పెట్టుకుని, అందులో ఎలా విడిపోయి ఉందో అలాగే రాయండి. ముద్దుగా కుదించి రాయొద్దు, ఎన్నిసార్లు చెప్పాలి.

ఫోన్‌లో పేజీ ఫోటో తీసేటప్పుడు ముఖం బాగా పడిందా అని చూస్తారు గానీ అడుగు వరుసలు తెగిపోయాయా, వాటి మీద లైటు మెరిసిందా అని చూడరు. పాస్‌పోర్ట్‌లో చిప్ ఉంటే అది కూడా వాటి మీదే ఆధారపడుతుంది: నంబరు, రెండు తేదీలు కలిపి తాళంచెవి తయారైతేనే చాలా పాస్‌పోర్ట్‌ల్లో చిప్ తెరుచుకుంటుంది. గుర్తింపు సరిచూసే యాప్ మొదట ఆ పేజీ ఫోటో తీయించి, ఆ తర్వాత పాస్‌పోర్ట్ మీద ఫోన్ ఆనించమనేది అందుకే. ఆ కాసేపూ కదపకండి. అడిగిన ప్రతివాడికీ ఆ పేజీ ఫోటో పంపకండి కూడా.

సరే, మరీ టెన్షన్ పడక్కర్లేదు. చిప్‌లోని వివరాల మీద పాస్‌పోర్ట్ ఇచ్చిన దేశపు డిజిటల్ సంతకం ఉంటుంది, కౌంటర్‌లో ఎవరో తప్పు కొట్టినంత మాత్రాన అది మారదు. పాడైంది వాళ్ల రికార్డే. పాస్‌పోర్ట్ పట్టుకెళ్లి, టైపు చేయొద్దు, మళ్లీ స్కాన్ చేయండి అని అడగండి, చాలాసార్లు అక్కడికక్కడే సరిపోతుంది.