ట్రెయిలర్ లాగే పికప్‌కి ఎయిర్ బ్యాగులు మీరే బిగించుకోవడం ఎలా?

ట్రెయిలర్ తగిలించగానే పికప్ వెనక కూలబడి, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ళ కళ్ళలో కొడుతున్నాయా? వెనక స్ప్రింగులకు తోడుగా ఎయిర్ బ్యాగులు, అంటే గాలి నింపే రబ్బరు సంచులు, వేసుకోండి. టెక్సాస్‌లో నాకు తెలిసిన మనవాళ్ళు చాలామంది దీన్ని షాపుకిచ్చి చేయిస్తున్నారు. ఒక శనివారం కేటాయిస్తే ఇంటి ముందే అయిపోయే పని ఇది. నేను చెప్పేది ఫోర్డ్ ఎఫ్-150 లాగా వెనక కమాన్ పట్టీలున్న బండికి. రామ్ 1500కి వెనక కాయిల్ స్ప్రింగులు, దాని కిట్ వేరు.

ఒక్కటి మాత్రం ముందే చెప్పాలి. బ్యాగులు వేస్తే బండి ఎత్తు సరవుతుంది కానీ మోయగల బరువు పెరగదు. డ్రైవర్ డోర్ తీస్తే కనిపించే స్టిక్కర్ మీద ఎంత రాసి ఉందో అంతే. 6,000 పౌన్ల ట్రెయిలర్, దాన్ని బండికి తగిలించే హిచ్ మీద 600 నుంచి 900 పౌన్లు మోపుతుంది. దానికి ఇంటిల్లిపాదినీ, వెనక వేసే సామాన్లనీ కలిపి లెక్క చూసుకున్నాకే కిట్ కొనండి.

సామాన్లు: జాకీ, రెండు స్టాండ్లు, సాకెట్ సెట్, టార్క్ రెంచ్, కొత్త బ్లేడు, సబ్బు నీళ్ళు. ఛాసీ కింద స్టాండ్లు పెట్టి, వెనక చక్రాలు విప్పండి. యాక్సిల్ పైన ఛాసీకి ఉండే రబ్బరు బంప్ స్టాప్ తీసేసి, ఆ చోట పై బ్రాకెట్, యాక్సిల్ మీద కింది బ్రాకెట్, మధ్యలో బ్యాగు. యాక్సిల్ వెంట పోయే బ్రేక్ పైపు క్లాంపు కింద నలగకుండా చూసుకుని, కిట్ పుస్తకంలో చెప్పిన టార్క్‌కి బిగించండి. ఇంతవరకూ ఎవరైనా చేస్తారు.

పని చెడేదంతా గాలి గొట్టం దగ్గరే. గాలి నిలవట్లేదని నా దగ్గరికి తెచ్చిన బండ్లలో బ్యాగు చిరిగినవి అరుదు. గొట్టం వంకరగా కోసినవే ఎక్కువ.

ఆ సన్నటి నైలాన్ గొట్టాన్ని కత్తెరతోనో కటింగ్ ప్లయర్‌తోనో కోస్తే కొన నొక్కుకుపోయి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. ఫిట్టింగ్ లోపలి రబ్బరు రింగు ఆ కొనను చుట్టూ సమంగా పట్టుకోలేదు. కొత్త బ్లేడుతో, చెక్క మీద పెట్టి, నిటారుగా ఒకే కోత కోయండి. కొన నుంచి అర అంగుళం పైచిలుకు దగ్గర మార్కర్‌తో గీత గీసి, తర్వాత ఫిట్టింగులోకి తొయ్యండి. కొంచెం దూరం వెళ్ళి ఆగుతుంది. అందరూ అయిపోయిందనుకునేది అక్కడే. అది రబ్బరు రింగుకి తగిలి ఆగడం మాత్రమే. ఇంకోసారి గట్టిగా నొక్కితే గీత దాకా లోపలికి దిగుతుంది. అప్పుడు వెనక్కి లాగి చూడండి, రాకూడదు. ఎప్పుడైనా ఊడదీయాల్సి వస్తే గీతలు పడిన కొనను అర అంగుళం కోసేశాకే మళ్ళీ పెట్టండి.

గొట్టం సైలెన్సర్ పైపుకి కనీసం ఆరు అంగుళాల దూరంలో పోవాలి, దగ్గరైతే కరుగుతుంది. పదునైన ఛాసీ అంచుల మీద రుద్దుకోకూడదు. బిగుతుగా లాగి కట్టకండి. యాక్సిల్ పైకీ కిందికీ ఆడుతుంది కాబట్టి బ్యాగు దగ్గర కొంత వదులు ఉంచండి.

రెండు బ్యాగులకీ రెండు విడి గొట్టాలు, రెండు వాల్వులు. దీనిలో రాజీ లేదు. టీ జాయింట్ వేసి ఒకే వాల్వుతో సరిపెడితే మలుపులో బరువు పడిన బ్యాగులోని గాలి రెండోదానిలోకి పోయి, బండి ఇంకా ఒరుగుతుంది. విడిగా ఉంటే ఒక పక్క బరువెక్కువైనప్పుడు ఆ పక్కనే రెండు పాయింట్లు (పీఎస్‌ఐ, అంటే గాలి ఒత్తిడి కొలత) పెంచుకోవచ్చు. బటన్ నొక్కితే గాలి నింపే కంప్రెసర్ కిట్లు కూడా వద్దు. వైర్లు, రిలేలు, ఇంకో పది జాయింట్లు, పది లీకులు. నంబర్ ప్లేటు పక్కన రెండు వాల్వులు చాలు.

30 పీఎస్‌ఐ నింపి ప్రతి జాయింటు మీదా సబ్బు నీళ్ళు రాయండి. బుడగ చిన్నదైనా వదలొద్దు. మర్నాడు గేజి పెట్టి చూస్తే రెండు మూడు పాయింట్లు తగ్గితే ఫర్వాలేదు. అంతకు మించితే ఆ గొట్టం మళ్ళీ కోయాల్సిందే.

ట్రెయిలర్ తగిలించేటప్పుడు వరుస తప్పొద్దు. ఖాళీ బండికి నాలుగు చక్రాల పైన అంచు ఎత్తు టేపుతో కొలిచి రాసుకోండి. బ్యాగుల్లో 10 పీఎస్‌ఐ లోపే ఉంచి, ముందు వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ బిగించండి. ముందు చక్రాల మీద తగ్గిన బరువును మళ్ళీ ముందుకే తెచ్చేది ఆ హిచ్చే. గాలి వెనక భాగాన్ని లేపుతుంది తప్ప ఆ పని చేయదు. ముందుభాగం పాత ఎత్తుకి వచ్చాక, వెనక మిగిలిన కొంచెం లోటుకే గాలి ఎక్కించండి. ముందే గాలి కొట్టి సమం చేస్తే కంటికి బాగుంటుంది, స్టీరింగు మాత్రం తేలికై హైవే మీద టెన్షన్ పెడుతుంది. అనుమానముంటే ట్రక్ స్టాపుల్లో బండ్లను తూచే క్యాట్ స్కేల్ మీదికి ఎక్కించండి, ఏ యాక్సిల్ మీద ఎంత ఉందో కాగితం మీద ఇస్తారు.

500 మైళ్ళు తిరిగాక బోల్టులన్నీ మళ్ళీ టార్క్ చేయండి. ట్రెయిలర్ విప్పాక గాలి తగ్గించండి కానీ 5 పీఎస్‌ఐ కంటే కిందికి దించొద్దు. ఖాళీ బ్యాగు మడతపడి, రాసుకుని చిరుగుతుంది.