బేస్ గరగరమంటోందా? కొనాలో వద్దో షాపులోనే తేల్చుకోండి

పాతిక వేల నుంచి యాభై వేల లోపు బేస్ గిటార్ కోసం నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో రైలెక్కి చెన్నై వెళ్తాం. అక్కడ స్ట్రింగ్ కాస్త గరగరమనగానే మంచి పీసును పక్కన పెట్టేసి, రంగు బాగుందని నెక్ (స్ట్రింగ్స్ నొక్కే పొడవాటి కర్ర) మెలి తిరిగినదాన్ని మోసుకొస్తాం. యమహా అయినా, ఐబనేజ్ అయినా, స్క్వయర్ అయినా డబ్బాలోంచి తీయగానే మన చేతికి తగ్గట్టు ఉండాలని లేదు. కనబడిన లోపం పానాతో, స్క్రూడ్రైవర్‌తో పోయేదా, పోనిదా అన్నదే తేల్చుకోవాలి.

స్ట్రింగ్ ఫ్రెట్లకు తగిలి గరగరమంటోంది

ఫ్రెట్లంటే నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు. ముందు ఎక్కడ తగులుతోందో చూడండి. మొదటి నాలుగైదు ఫ్రెట్లలోనే అయితే నెక్ మరీ నిటారుగా ఉందని, లేదా వెనక్కి వంగిందని అనుమానించాలి. పన్నెండో ఫ్రెట్ దాటాకే అయితే బాడీ చివర బ్రిడ్జి మీద సాడిల్స్ (స్ట్రింగ్స్ ఆనే చిన్న దిమ్మెలు) బాగా కిందికి దిగి ఉండొచ్చు. ఒకే ఒక్క చోట అయితే దాని పక్క ఫ్రెట్ పైకి లేచి ఉంటుంది.

నెక్ సంగతి తేలడానికి ఒక విజిటింగ్ కార్డు చాలు. స్ట్రింగ్‌ను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, చివరి ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కి పట్టుకోండి. ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర స్ట్రింగ్ కింద పక్కనున్న వాళ్లతో కార్డు పెట్టించండి. అది పట్టీపట్టనట్టు దూరితే నెక్ బాగానే ఉన్నట్టు. ఖాళీ అంటే ఓ 0.3 మిల్లీమీటర్లు. అసలు దూరకపోతే ట్రస్ రాడ్‌ను (నెక్ లోపల వంపు సరిచేసే కడ్డీ) ఎడమకు పావు చుట్టు తిప్పి వదులు చేయమనండి. కార్డు దూరాక కూడా ఇంకా చాలా ఖాళీ ఉంటే కుడికి పావు చుట్టు బిగించాలి. ఒకేసారి అర చుట్టు, ముప్పావు చుట్టు తిప్పే మనిషి చేతికి బేస్ ఇవ్వకండి. రాడ్ తిరగనే తిరగకపోతే ఆ పీసు అక్కడే వదిలేసి రండి. సాడిల్స్ పని తేలిక, రెండు నిమిషాల్లో ఎత్తించుకోవచ్చు. లేచిన ఫ్రెట్‌కు మాత్రం ఇంకో పీసు అడగడమే మేలు.

ఇవన్నీ చూసే ముందే బాడీ వైపు నుంచి ఒక కన్ను మూసి నెక్‌ను చూడాలి, వడ్రంగి వాసం వంకర చూసినట్టు. మెలి కనిపిస్తే దానికి మందు లేదు.

మన దగ్గర రోహిణి కార్తె ఎండకు ఆరిన కర్ర, కార్తీకంలో వాయుగుండం పట్టగానే చెమ్మ పీల్చుకుంటుంది. నెక్ అటూ ఇటూ కదులుతూనే ఉంటుంది. అందుకే రంగు కన్నా ముందు చక్కగా తిరిగే ట్రస్ రాడ్ చూసుకోమంటాను.

బాడీ వైపు ఫ్రెట్లకు వెళ్లేకొద్దీ శ్రుతి తప్పుతోంది

స్ట్రింగ్స్ పాతవైతే ముందు అవి మార్చి చూడాలి. తర్వాత పన్నెండో ఫ్రెట్ మీద హార్మోనిక్ (స్ట్రింగ్‌ను నొక్కకుండా వేలు ఆనించి మీటితే వచ్చే స్వరం), అక్కడే నొక్కిన స్వరం, రెండూ ట్యూనర్‌లో పోల్చండి. నొక్కింది ఎక్కువ చూపిస్తే సాడిల్ వెనక్కి, తక్కువైతే ముందుకు జరపాలి. స్క్రూ చివరికంటా వచ్చినా కుదరకపోతే ఆ పీసు వద్దు.

హమ్ వస్తోంది

జాజ్ బేస్ తరహాలో రెండు సింగిల్ కాయిల్ పికప్‌లుంటే (స్ట్రింగ్ కదలికను పట్టే, ఒక్కో తీగచుట్ట ఉన్నవి), ఒకదాని వాల్యూమ్ తగ్గించగానే హమ్, అంటే గుయ్యిమనే రొద, రావడం మామూలే. రెండూ ఫుల్ పెడితే చాలావరకు అణుగుతుంది. అదీ నచ్చకపోతే రెండు ముక్కల పికప్ ఉన్న ప్రెసిషన్ తరహా తీసుకోండి. 1957 నుంచి ఆ రకం హమ్ లేకుండా చేసేలాగే వస్తోంది.

స్ట్రింగ్ ముట్టుకుంటే జివ్వుమందా? అది బేస్ సంగతి కాదు, హాల్లోనో జనరేటర్ లైన్లోనో ఎర్త్ లేదు. వెంటనే ఆపేయండి. ఎలక్ట్రీషియన్ చూసేదాకా ప్లగ్ పెట్టకండి.

సౌండ్ చిరిగినట్టు వస్తోంది, లేదా మాయమైంది

యాక్టివ్ బేస్ (లోపల బ్యాటరీతో పనిచేసే సర్క్యూట్ ఉన్నది) అయితే తొమ్మిది వోల్టుల బ్యాటరీ అయిపోయి ఉంటుంది. కేబుల్ జాక్‌లో ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. నేనొకసారి ఆదివారం ఆరాధన అయ్యాక కేబుల్ పీకడం మర్చిపోయాను. మరుసటి ఆదివారం రెండో పాటలోనే బేస్ గురక పెట్టింది. పాస్టర్ గారు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. బ్యాగులో ఒక కొత్త బ్యాటరీ ఎప్పుడూ ఉంచుకోండి. ఆ ఖర్మ వద్దనుకుంటే బ్యాటరీ అక్కర్లేని పాసివ్ బేస్ కొనండి.

లో-E స్ట్రింగ్ (నాలుగు స్ట్రింగ్స్ బేస్‌లో అన్నిటికన్నా లావైనది) బలంగా మోగడం లేదు

చాలా షాపుల్లో చిన్న గిటార్ ఆంప్‌కు తగిలించి వినిపిస్తారు. E స్ట్రింగ్ ఓపెన్ స్వరం (ఎక్కడా నొక్కకుండా మీటినది) 41 హెర్ట్జ్, ఆ చిన్న స్పీకర్ దాన్ని మోయలేదు. బేస్ ఆంప్ అడగండి, లేదా మంచి హెడ్‌ఫోన్ పట్టుకెళ్లండి.

పాడే వాళ్ల శ్రుతి కోసం డీ, సీ దాకా దిగాల్సి వస్తుందని మన వైపు చాలామంది ఐదు స్ట్రింగ్స్ బేస్ అడుగుతారు. బీ స్ట్రింగ్ దాదాపు 31 హెర్ట్జ్. ఈ ధరలో కొన్నిటికి ఆ స్ట్రింగ్ తాడులా వదులుగా ఊగుతుంది. దాన్ని ఒక్కదాన్నే గట్టిగా మీటి, స్వరం నిలబడుతోందో లేదో వినండి. లావు స్ట్రింగ్ వేస్తే కొంత నయం, పూర్తిగా కాదు.

భుజం లాగుతోంది, నెక్ కిందికి వాలుతోంది

షాపులో స్టూలు మీద కూర్చుని వాయిస్తే ఇది తెలియదు. బెల్టు తగిలించుకుని నిలబడి రెండు చేతులూ వదిలేయండి. నెక్ నేల వైపు వాలితే రెండు గంటల ప్రోగ్రాంలో ఎడమ చెయ్యి దాన్ని మోయడానికే సరిపోతుంది. వెడల్పాటి తోలు బెల్టు కొంత ఆపుతుంది. బాగా వాలేదైతే తీసుకోకండి.

ఆన్‌లైన్‌లో తెప్పిస్తే డబ్బా ఎండలో తిరిగి వస్తుంది. తీసిన వెంటనే రాడ్ ముట్టుకోకుండా ఒక రాత్రి ఇంట్లోనే ఉంచి, పొద్దున ట్యూన్ చేసి అప్పుడు కార్డు పెట్టి చూడండి. వాపసుకు ఎన్ని రోజులు గడువుందో మాత్రం ఆర్డర్ పెట్టే ముందే చదువుకోండి.